ఇంటి డబ్బుని తేదీల ప్రకారం నడపడం ఎలా: వైజాగ్ జీతగాళ్ళ కోసం

ముందు ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో ఉన్న ప్రతి అప్పునీ, ప్రతి పొదుపునీ రూపాయల వడ్డీలోకి మార్చి రాయండి. "వాడు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడట" అంటే చాలు, మన ఊళ్ళో వినేవాడికి వాడెంత ఇరుక్కున్నాడో తెలిసిపోతుంది. అదే క్రెడిట్ కార్డు బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఏడాదికి 42 శాతం అని ఉంటే ఎవరూ ఉలిక్కిపడరు, నిజానికి అది మూడున్నర రూపాయల వడ్డీ. లెక్క సులువే, ఏడాది శాతాన్ని 12తో భాగిస్తే నూటికి నెలకి ఎంతో వచ్చేస్తుంది. 8.4 శాతం హోమ్ లోన్ 70 పైసలు, 9 శాతానికి బ్యాంకులో పెట్టిన బంగారం ముప్పావలా, పర్సనల్ లోన్ రూపాయి నుంచి రూపాయిన్నర. ఇటు పొదుపు వైపు 6 శాతం ఎఫ్‌డీ అర్ధ రూపాయి, పీపీఎఫ్ (పోస్టాఫీసులో, బ్యాంకులో తెరిచే ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) 7.1 శాతం అంటే 59 పైసలు, ఆడపిల్లల పేరున తెరిచే సుకన్య సమృద్ధి 8.2 శాతం అంటే 68 పైసలు.

ఇలా రాసి పక్కపక్కన పెట్టుకుంటే ఏది ముందు చెయ్యాలో ఎవరినీ అడగక్కర్లేదు. మూడున్నర రూపాయల అప్పు మోస్తూ అర్ధ రూపాయికి ఎఫ్‌డీ వేసుకున్న ఇళ్ళు మన కాలనీల్లో చాలా ఉంటాయి, ఎందుకంటే ఎఫ్‌డీ ఆవిడ పేరున, కార్డు ఆయన పేరున, రెండూ ఒకే కాగితం మీదికి ఎప్పుడూ రావు. ఎఫ్‌డీ తెంపి కార్డు కట్టెయ్యండి, తెంపినందుకు బ్యాంకు వేసే పెనాల్టీ దీని ముందు లెక్కలోకి రాదు. మినిమమ్ డ్యూ కడుతున్నాం కదా అని కూర్చోవద్దు, పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి కొనుగోలుకీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. రూపాయి దాటిన అప్పులన్నీ తీరేదాకా కొత్త పెట్టుబడి జోలికి వెళ్ళకండి. ఆఫీసులో పీఎఫ్ కోత ఎలాగూ ఆగదు కాబట్టి అది అలాగే నడుస్తుంది.

ఇక తేదీలు. పొదుపు కుదరనివాళ్ళని చూస్తే, ఆదాయం సరిపోయే ఇళ్ళలో కూడా, ప్రతి నెలా కొత్తగా నిర్ణయించుకోవాల్సి రావడమే ఇబ్బందిగా కనిపిస్తుంది నాకు. ఈ నెల పెళ్ళి ఉంది, వచ్చే నెల చూద్దాం, ఆ నెల స్కూలు తెరుస్తారు, ఇలా. అందుకని నిర్ణయం ఏడాదికి ఒక్కసారే జరగాలి, మిగతా పన్నెండు నెలలూ బ్యాంకు తన పని తాను చేసుకుపోవాలి. జీతం పడే ఖాతా ఒకటి, ఇంటి ఖర్చు ఖాతా ఇంకొకటి పెట్టండి. జీతం ఒకటో తారీఖు లోపు పడుతుందనుకుంటే 2 నుంచి 5 మధ్యలో ఈఎంఐ, పీపీఎఫ్, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లోకి నెలనెలా వెళ్ళే వాయిదా), రికరింగ్ డిపాజిట్ అన్నీ ఆటోమేటిక్‌గా పోవాలి, అవి పోయాక మిగిలిన సొమ్ము మాత్రమే ఇంటి ఖర్చు ఖాతాలోకి రావాలి. ఫోన్‌పే, గూగుల్‌పే రెండింటికీ ఆ రెండో ఖాతానే తగిలించండి, జీతం ఖాతాని వాటిలోంచి పూర్తిగా తీసెయ్యండి. రైతు బజారులో కూరగాయలైనా జగదాంబలో షాపింగ్ అయినా అందులోంచే. ఇరవై మూడో తారీఖుకి బ్యాలెన్స్ పన్నెండు వందలు ఉందంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది, ఎవరూ ఎవరికీ క్లాసు పీకక్కర్లేదు.

ఐదో తారీఖు ఎందుకన్నానంటే, పీపీఎఫ్‌లో నెల వడ్డీ ఐదో తేదీ నుంచి నెలాఖరు మధ్య ఉన్న కనీస నిల్వ మీద లెక్కగడతారు. ఆరో తారీఖున వేస్తే ఆ డబ్బుకి ఆ నెల వడ్డీ పోయినట్టే. సుకన్య ఖాతాకీ ఇదే పద్ధతి.

ఒక లెక్క వేసి చూపిస్తాను, ఊహించి రాసిన ఇల్లే. ఆయన పరవాడ ఫార్మా సిటీలో, చేతికి 62 వేలు. ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచరు, 28 వేలు. మొత్తం 90. కూర్మన్నపాలెంలో ఫ్లాటు, ఈఎంఐ 21 వేలు. పిల్లల ఫీజులకి నెలకి 9 వేలు పక్కన, ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి 5, ఇంటి ఖర్చు 27, ఏడాదికోసారి వచ్చే ఖర్చుల కోసం 6, అత్యవసర నిధికి 5, సిప్ 10, పాప సుకన్యకి 5, ఎవరినీ లెక్క అడగకుండా ఇద్దరి జేబు ఖర్చూ కలిపి 2. ఈ ఆఖరి 2 వేలు తప్పకుండా ఉంచండి, లేకపోతే మొగుడూపెళ్ళాల మధ్య ప్రతి టీకీ, ప్రతి చీరకీ ఆడిట్ మొదలై మూడో నెలకి ప్లాన్ మొత్తం అటకెక్కుతుంది.

ఆ 6 వేల సంగతి కొంచెం చెప్పాలి. దసరా, సంక్రాంతి, బండి ఇన్సూరెన్సు, హెల్త్ పాలసీ ప్రీమియం, జీవీఎంసీ ఇంటి పన్ను, ఎవరి గృహప్రవేశానికో చదివింపులు, ఇవేవీ అనుకోకుండా ఊడిపడే ఖర్చులు కావు, ప్రతి ఏడూ వస్తూనే ఉంటాయి. అయినా ప్రతి ఏడూ మనం "ఈ నెల అనుకోని ఖర్చులు వచ్చాయి" అంటాం. గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ దింపి, ఇలాంటివన్నీ కూడి, 12తో భాగించి, అంత మొత్తానికి నెలనెలా ఆర్‌డీ పెట్టండి. ఇంటి పన్ను ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గిస్తున్నారు, ఆ డబ్బు చేతిలో ఉన్నవాడికే కదా ఆ తగ్గింపు.

అత్యవసర నిధి ఎందుకని వైజాగ్‌లో ఎవరైనా అడిగితే నాకు ఆశ్చర్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు పనిచెయ్యలేదు, ఖాతాలో లక్షలున్నవాళ్ళు కూడా పాల ప్యాకెట్‌కి, పెట్రోలుకి చేతిలో నోట్లు లేక క్యూలలో నిలబడ్డారు. 2021 జనవరిలో ఉక్కు ఫ్యాక్టరీలో వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, "పర్మినెంట్" అన్న మాట మీద గాజువాక నుంచి ఉక్కునగరం దాకా ఎంతమందికి నమ్మకం సడలిందో ఈ ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐతో సహా, లక్ష్యంగా పెట్టుకోండి. పై లెక్కలో ఈఎంఐ, ఖర్చు, ఫీజులు, పెద్దవాళ్ళకి పంపేది కలిపితే నెలకి 62 వేలు, అంటే మూడు లక్షల డెబ్బై రెండు వేలు. పెద్ద మొత్తమే. నెలకి 5 వేల చొప్పున ఆరేళ్ళు పడుతుంది, కాబట్టి బోనసు, ఏరియర్స్, పండగ అడ్వాన్సు ఏది వచ్చినా అది నిండేదాకా అందులోకే. ఒక పది పదిహేను వేలు ఇంట్లో నోట్లుగా, చిన్న డినామినేషన్లలో, మిగతాది స్వీప్ ఎఫ్‌డీలో, అంటే సేవింగ్స్ ఖాతాకి ముడిపెట్టి ఉండి కావలసినప్పుడు తియ్యగలిగే ఎఫ్‌డీలో. షేర్లలో వద్దు, చీటీలో అసలే వద్దు.

ఇన్సూరెన్సు దగ్గర ఎక్కువసేపు ఆగను. సంపాదించేవాళ్ళకి టర్మ్ పాలసీ (మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా, పొదుపు కలపనిది), ఏడాది ఆదాయానికి పది పదిహేను రెట్లు. పొదుపూ బీమా కలిపిన ఎండోమెంట్ పాలసీలు ఎల్‌ఐసీ ఏజెంటు బాబాయి మీద గౌరవంతో కట్టొద్దు, వాటి రాబడి కూడా రూపాయల వడ్డీలోకి మార్చి చూడండి, తర్వాత బాబాయికే చూపించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు, అంతకుముందు టర్మ్ మీద 18 శాతం ఉండేది. వ్యాపారం ఉన్నవాళ్ళు, అప్పులు ఉన్నవాళ్ళు పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటామని రాయించండి, అప్పుడు ఆ డబ్బు మీదికి అప్పులవాళ్ళు రాలేరు, భార్యాపిల్లలకే చెందుతుంది. హెల్త్ పాలసీ కంపెనీ ఇచ్చేది ఉన్నా సొంతంగా ఒకటి ఉండాలి, కంపెనీది ఉద్యోగంతో పాటే పోతుంది. కొనేముందు రూమ్ రెంట్ పరిమితి ఉందా అని చూడండి. రోజుకి 5 వేల గది పరిమితి ఉన్న పాలసీతో 10 వేల గదిలో చేరితే కోత గది అద్దె దగ్గరే ఆగదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ ఖర్చు లాంటివి కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు. బిల్లు చేతికి వచ్చాక గానీ ఇది చాలామందికి తెలియదు.

పెట్టుబడికి వస్తే, రెండు గంపలు చాలు. ఒకదానిలో కదలనివి: పీఎఫ్, పీపీఎఫ్, సుకన్య, ఎఫ్‌డీ. రెండోదానిలో కదిలేవి: ఒకటో రెండో ఇండెక్స్ ఫండ్లు, అంటే నిఫ్టీ 50 లాంటి సూచీలో ఉన్న కంపెనీల షేర్లన్నీ కొనే మ్యూచువల్ ఫండ్లు, డైరెక్ట్ ప్లాన్‌లో. ఫండ్ కంపెనీ దగ్గర నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరి నుంచీ ఉన్నాయి, మధ్యవర్తి కమిషన్ ఉండదు. అరశాతమో ముప్పావు శాతమో తేడా కదా అనుకోకండి, అది ప్రతి ఏడూ మొత్తం నిల్వ మీద పోతుంది. ఏ గంపలో ఎంత అన్నది మీ వయసు, ఉద్యోగం నిలకడ, గుండె ధైర్యం చూసుకుని భార్యాభర్తలిద్దరూ కూర్చుని తేల్చుకోండి. సగం సగంతో మొదలుపెట్టినా తప్పులేదు.

పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర దాకా వెయ్యొచ్చు, 15 ఏళ్ళు, 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం దగ్గరే ఉంది. ప్రతి ఏప్రిల్ 5 లోపు లక్షన్నర వేస్తూ పోతే ఇదే రేటుకి ఆఖరున 40 లక్షల 68 వేలు అవుతుంది, పన్ను లేదు. రేటు ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది కాబట్టి వేసే రోజున సరిచూసుకోండి. పాపకి పదేళ్ళు నిండకముందే సుకన్య తెరవాలి. కొత్త పన్ను విధానంలో పొదుపు చూపించి పన్ను తగ్గించుకునే 80సీ మినహాయింపు లేదు, అందుకని ఇప్పుడు పన్ను కోసం కాదు, రాబడి నచ్చితేనే వీటిలో వెయ్యండి. మార్చి నెలాఖరులో ఏదో ఒక పాలసీ కొని ప్రూఫ్ ఇచ్చే అలవాటు కొందరికి ఇంకా పోలేదు, ఆ అవసరమే పోయినా.

షేర్ల గంప పడుతుంది. పడితీరుతుంది. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ ఆ అక్టోబరులోనే 8 వేల కిందకి వెళ్ళింది. 2020 మార్చి 23 ఒక్క రోజులోనే 13 శాతం పోయింది. ఆ రోజుల్లో టీవీ చూస్తూ, వాట్సాప్ గ్రూపులో అందరూ ఏమంటున్నారో చదువుతూ నిర్ణయం తీసుకునేవాడు అమ్మేస్తాడు, అందుకే నిర్ణయం ముందే రాసిపెట్టుకోవాలి. నేనైతే ఆ కాగితం మీద ఇలా రాయమంటాను: "మార్కెట్ ఎంత పడినా సిప్ ఆపం. ఏడేళ్ళ లోపు కావలసిన డబ్బు షేర్ల గంపలో ఉండదు. ఏ గంపైనా అనుకున్న వాటాకి 5 శాతం అటో ఇటో దాటితే ఏడాదికి ఒకసారి, ఏప్రిల్‌లో, సరిచేస్తాం. మధ్యలో ముట్టుకోం. మార్చాలనిపిస్తే ఇద్దరం ఒప్పుకుని, నెల రోజులు ఆగి అప్పుడు మారుస్తాం." కింద ఇద్దరి సంతకాలు. నవ్వొస్తుంది గానీ, సంతకం పెట్టిన దాన్ని దాటాలంటే ఎవరికైనా కాస్త మొహమాటం ఉంటుంది.

సరిచెయ్యడం అంటే ఇది. చెరో 10 లక్షలతో మొదలైంది, ఏడాది తిరిగేసరికి షేర్లు 14, కదలనివి 11 అయ్యాయి. మొత్తం 25లో షేర్ల వాటా 56 శాతం, గీత దాటింది. లక్షన్నర అటు నుంచి ఇటు మారిస్తే పన్నెండున్నర, పన్నెండున్నర. ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్లు అమ్మితే లాభంలో ఏడాదికి లక్షా పాతిక వేల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం, కాబట్టి ఇంత చిన్న మార్పుకి సాధారణంగా పన్ను తగలదు. అమ్మడం ఇష్టం లేకపోతే కొన్ని నెలలు కొత్త డబ్బు మొత్తం తక్కువున్న గంపలోకి పంపండి. ఉగాది అయ్యాక ఏప్రిల్‌లో వచ్చే మొదటి ఆదివారం ఈ పనికి బాగుంటుంది. పంచాంగంలో మన రాశికి ఆదాయం ఎంత, వ్యయం ఎంత అని ఎలాగూ చూస్తాం, అసలు లెక్క కూడా ఆ రోజుల్లోనే చూసేద్దాం.

ఇంతవరకూ చెప్పింది పాటించేవాళ్ళు కూడా జారిపోయేది చుట్టాల దగ్గర, స్నేహితుల దగ్గర. పోర్టు, షిప్‌యార్డు, డాక్‌యార్డు, రిఫైనరీ ఉద్యోగి అంటే మన ఊళ్ళో షూరిటీ సంతకానికి మొదట గుర్తొచ్చే మనిషి. "ఏటన్నా, ఒక్క సంతకమే కదా, పే స్లిప్ జిరాక్స్ చాలు" అంటారు. కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. వాడు చీటీ ఎత్తుకుని కట్టడం మానేస్తే చీటీ కంపెనీ వాడి వెనక తిరగాల్సిన పనే లేదు, జీతం ఉన్న మీ దగ్గరికి నేరుగా రావొచ్చు, కోర్టు ద్వారా జీతం అటాచ్ చేయించొచ్చు. కాబట్టి షూరిటీని మీ సొంత అప్పుగానే కాగితం మీద రాయండి. వాడు 5 లక్షల చీటీ ఎత్తుకుంటే మీ అప్పుల జాబితాలో ఇంకా కట్టాల్సినదంతా చేరుతుంది, అది చేరాక కూడా మీ లెక్క నిలబడుతుందనుకుంటేనే సంతకం. "మా ఇంట్లో ఇద్దరం ఒప్పుకోందే సంతకం పెట్టకూడదని రాసుకున్నాం బావా" అని చెప్పడం "పెట్టను" అనడం కంటే చాలా తేలిక.

చేబదుళ్ళకి కూడా ఏడాదికి ఒక పరిమితి పెట్టుకోండి, తిరిగి రాకపోయినా ఇల్లు కదలనంత. వడ్డీకి ఇచ్చేటట్టయితే ప్రామిసరీ నోటుకి మూడేళ్ళలో కాలదోషం పడుతుందని మరిచిపోవద్దు, ఆలోపు కొంత జమ కట్టించుకుని నోటు వెనక వాళ్ళ చేతిరాతతో రాయించి సంతకం తీసుకోవాలి, లేదా నోటు తిరగరాయించుకోవాలి. రెండు రూపాయల వడ్డీ వస్తోందని సంబరపడేవాళ్ళు, బ్యాంకు ముప్పావలాకి కూడా ఇవ్వనివాడే మన దగ్గరికి రెండు రూపాయలకి వస్తున్నాడన్నది ఆలోచించరు.

చీటీ వెయ్యాలనుకుంటే చిట్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైన గ్రూపులోనే. అపార్ట్‌మెంటులో ఆంటీ నడిపే చీటీ ఎంత మంచి ఆంటీ నడిపినా దానికి వెనక ఎవరూ లేరు. నమోదైన చీటీలో దాన్ని నడిపే ఫోర్‌మన్ కమిషన్ 7 శాతం దాకా ఉండొచ్చు, 2019 సవరణకి ముందు అది 5. బ్యాంకు డిపాజిట్‌కి ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా బీమా ఉంది, చీటీకి అది లేదు.

ప్లాట్ల గురించి ఒక మాట. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఆనందపురం, తగరపువలస దాటి ఎక్కడెక్కడి లేఅవుట్లో అమ్ముతున్నారు, ఆదివారం కారు పంపి, భోజనం పెట్టి మరీ. వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి నంబరు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు, రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదన్న నిర్ధారణ, ఈసీ (ఆ స్థలం మీద పాత లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), పాత దస్తావేజులైన లింకు డాక్యుమెంట్లు, ఇవి లాయరుకి చూపించకుండా టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వకండి. రెరా నమోదు కావాల్సిన వెంచరుకి నమోదు కాకముందే "ప్రీలాంచ్" అని బుకింగ్ తీసుకోవడమే చట్టవిరుద్ధం. అన్నీ బాగున్నా ఇంకో ప్రశ్న ఉంది: మీ ఆస్తిలో ఇప్పటికే ముప్పావు వంతు ఫ్లాటే అయితే మళ్ళీ భూమే ఎందుకు? అమ్మాయి కాలేజీ ఫీజుకి 200 గజాల్లో 20 గజాలు విడిగా అమ్మలేం.

బంగారం నగల్ని పెట్టుబడి గంపలో రాయకండి, ఖర్చులో రాయండి. తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ అమ్మేటప్పుడు తిరిగి రావు. కొన్నప్పుడు హాల్‌మార్క్‌తో పాటు హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకి విడిగా ఉండే ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు కోడు చూసుకోండి, 2023 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి.

ఇంట్లో రిటైరైన నాన్నగారు ఉంటే ఆయన డబ్బుని మీ గంపల్లో కలపొద్దు. అరవై దాటినవాళ్ళకి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, 30 లక్షల దాకా, 2023 నుంచీ 8.2 శాతం. పూర్తిగా వేస్తే మూడు నెలలకోసారి 61,500 ఆయన ఖాతాలో పడుతుంది. గ్రాట్యుటీ డబ్బు వచ్చిన వారంలోనే ఎవరెవరో ఇంటికొస్తారు, ఈలోగా పోస్టాఫీసుకి మీరే తీసుకెళ్ళండి.

చివరిగా మిగిలింది కాగితాల పని, అందరూ వాయిదా వేసేది. బ్యాంకు ఖాతాలు, పీఎఫ్, డీమ్యాట్, ఫండ్లు, పాలసీలు, అన్నిటికీ నామినీ ఉందో లేదో ఒక్కొక్కటి తెరిచి చూడండి, పెళ్ళికి ముందు చేరిన ఉద్యోగంలో పీఎఫ్ నామినీగా అమ్మ పేరే ఉండిపోయినవాళ్ళు చాలామంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురు నామినీల దాకా పెట్టొచ్చు. మామూలుగా నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషే, వారసుడు వేరే కావచ్చు, అందుకని ఆస్తి కాస్తోకూస్తో ఉన్నవాళ్ళు ఇద్దరు సాక్షులతో చిన్న వీలునామా రాసుకోవడం మంచిది. ఖాతాల జాబితా, పాలసీ నంబర్లు, లాకరు ఏ బ్రాంచిలో ఉందో, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరు మనకి ఎంత ఇవ్వాలో అన్నీ రాసిన ఒక ఫైలు బీరువాలో ఉండాలి, పాస్‌వర్డులు అందులో రాయకండి. అది ఎక్కడుందో భార్యాభర్తలిద్దరికీ, ఇంకొక నమ్మకమైన మనిషికీ తెలిసి ఉండాలి. ప్రతి ఏప్రిల్‌లో గంపలు సరిచేసిన రోజే ఈ ఫైలులో పాత కాగితాలు తీసేసి కొత్తవి పెట్టి, పైన తేదీ వెయ్యండి.